పొట్టు, చెక్క, తొక్క: ఉప్పల్–నాచారం అంచున పాడిపశువుల మేత

వరిలో గింజ మనిషికి, గడ్డి పశువుకు. కందిలో పప్పు మనిషికి, పొట్టు పశువుకు. పల్లీలో నూనె మనిషికి, చెక్క పశువుకు. ఈ పంపకం వ్యవసాయమంత పాతది. ధాన్యపు పైరు నేలపై పెంచుకున్న బరువులో గింజ సాధారణంగా సగానికి మించదు. మిగిలిన సగంలో ఉన్నదంతా సూర్యరశ్మి నుంచి మొక్క కూడబెట్టిన శక్తే అయినా, మనిషి పేగుల్లో అది అరగదు. ఆవు, బర్రె, గొర్రె, మేక ఆ శక్తిని పాలుగా, మాంసంగా మార్చి మనిషికి అందిస్తాయి. అసలు పంటను తీసుకున్నాక మిగిలే గడ్డి, చొప్ప, పొట్టు, తవుడు, చున్నీ, చెక్క, పండ్ల తొక్క, పిప్పి వంటివాటిని పంటల ఉప ఉత్పత్తులు అంటారు.

వీటి అవసరం ఎంతటిదో దేశం మొత్తం లెక్క చూస్తే తెలుస్తుంది. ఝాన్సీలోని భారత పచ్చికబయళ్లు, పశుగ్రాస పరిశోధన సంస్థ తన 2050 దార్శనిక పత్రంలో దేశంలోని మేత కొరతను అంచనా వేసింది. పచ్చిమేతలో 35.6 శాతం, ఎండుమేతలో 10.95 శాతం, దాణా దినుసుల్లో 44 శాతం లోటు ఉన్నట్టు తేల్చింది. మేత కోసం కొత్తగా భూమి దొరికే అవకాశం లేదు. అందుచేత ఇప్పటికే పండుతున్న పంటలో మిగిలేదాన్ని వృథా పోనివ్వకుండా వాడుకోవడమే ఈ లోటుకు ప్రధానమైన జవాబు. ఆ పని పల్లెలో ఎప్పటినుంచో జరుగుతోంది. నగరంలోనూ అంతే అవసరమని, సాధ్యమని హైదరాబాద్ తూర్పు అంచు చూపిస్తుంది.

ఉప్పల్ చుట్టూ మేత దారులు

ఉప్పల్ నుంచి తూర్పుకు వరంగల్ రహదారి సాగుతుంది. ఘట్‌కేసర్, భువనగిరి వైపు వరి మాగాణుల నుంచి వచ్చే గడ్డికి అదే దారి. దక్షిణాన మూసీ నది ఉంది. ఉత్తరాన నాచారం, మల్లాపూర్ పారిశ్రామిక వాడలు, ఉప్పల్ వాడ కలిసి ఉన్నాయి. ఒకప్పుడు విడి గ్రామంగా, తరవాత మున్సిపాలిటీగా ఉన్న ఉప్పల్ 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. ఊరు నగరమైనా పీర్జాదిగూడ, బోడుప్పల్ వైపు బర్రెల కొట్టాలు పూర్తిగా పోలేదు. చుట్టూ లక్షల ఇళ్లు ఉన్నాయి కాబట్టి పాలకు గిరాకీ ఉంది. పచ్చిక మేపే జాగా మాత్రం లేదు. అందువల్ల ఇక్కడి పశువు తినే ప్రతి పిడికెడూ ఎక్కడినుంచో కొని తెచ్చిందే.

ఈ ప్రాంతపు పచ్చిమేతలో ముఖ్యమైనది పారాగడ్డి. నగరపు మురుగునీరు కలిసిన మూసీ నీటితో ఉప్పల్ దిగువన నది ఒడ్డు గ్రామాల్లో దీన్ని పెంచుతారు. ఆఫ్రికా నుంచి వచ్చిన ఈ గడ్డి నిలవనీటిలోనూ బాగా ఎదుగుతుంది, ఏడాది పొడవునా కోతకు వస్తుంది. పీర్జాదిగూడ, పర్వతాపురం వంటి గ్రామాల్లో ఈ సాగును అంతర్జాతీయ నీటి నిర్వహణ సంస్థ పరిశోధకులు 2000 దశకం మొదట్లో అధ్యయనం చేశారు. వరి వదిలి పారాగడ్డి వైపు మళ్లిన రైతులు, దాన్ని కోసి కట్టలు కట్టే కూలీలు, నగరంలో కొనే పాడిదారులు అందరూ ఆ నీటి మీద ఆధారపడ్డవాళ్లే. మురుగునీటిలో పారిశ్రామిక వ్యర్థాలూ కలుస్తాయి కాబట్టి గడ్డిలోకి చేరే సీసం, కాడ్మియం వంటి భారలోహాల మీద నిఘా అవసరం.

పచ్చగడ్డి ఒక్కటే పాలు ఇప్పించదు. దానికి ఎండుమేత, దాణా తోడు కావాలి. ఇక్కడే ఉప ఉత్పత్తులు ప్రవేశిస్తాయి.

ఈ విషయానికి సంబంధించిన శాస్త్ర సంస్థలు కూడా ఈ చుట్టుపక్కలే ఉండటం విశేషం. ఉప్పల్ రోడ్డులో హబ్సిగూడ వద్ద మైసూరు కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ వారి హైదరాబాద్ కేంద్రం ఉంది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, భారత రసాయన సాంకేతిక సంస్థ ఉన్నాయి. బోడుప్పల్ పక్కనే చెంగిచర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ, నాచారంలో రాష్ట్ర ఆహార ప్రయోగశాల పనిచేస్తున్నాయి. గడ్డి పోచ నుంచి గ్లాసెడు పాల దాకా ఉన్న దారిలో ఏదో ఒక మలుపు ఈ సంస్థల్లో ప్రతిదాని పరిధిలోకీ వస్తుంది.

పెద్దపొట్టలో జరిగే పని

మనిషి అరిగించుకోలేని గడ్డిని బర్రె ఎలా అరిగించుకుంటుంది? నెమరువేసే జంతువుల పొట్టకు నాలుగు గదులు ఉంటాయి. వాటిలో మొదటిది, అన్నిటికంటే పెద్దది రూమెన్ అనే పెద్దపొట్ట. ఎదిగిన పశువులో అది నూరు లీటర్లకు పైగా పడుతుంది. అందులోని ద్రవంలో ఒక్క మిల్లీలీటరుకు వేయి కోట్లకు మించి సూక్ష్మజీవులు నివసిస్తాయి. గడ్డిలోని సెల్యులోజ్, హెమిసెల్యులోజ్ అనే పీచు పదార్థాలను కోసే ఎంజైములు పశువుకు లేవు. ఈ సూక్ష్మజీవులకు ఉన్నాయి. అవి పీచును పులియబెట్టి అసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలను విడుదల చేస్తాయి. పశువుకు అందే శక్తిలో సగానికి పైగా ఈ ఆమ్లాల నుంచే వస్తుంది. పాలలో వెన్నకు ముడిసరుకు ముఖ్యంగా అసిటిక్ ఆమ్లమే. అందుకే పీచు తగ్గిన మేత పెడితే పాలలో వెన్న శాతం పడిపోతుంది.

సూక్ష్మజీవులు తాము పెరిగే క్రమంలో మాంసకృత్తులు తయారు చేసుకుంటాయి. అవి తరవాతి గదుల్లోకి జారి అరిగినప్పుడు ఆ మాంసకృత్తులు పశువుకు చెందుతాయి. అయితే సూక్ష్మజీవులు పెరగాలంటే వాటికి నత్రజని కావాలి. మేత పొడి బరువులో మాంసకృత్తులు 7 శాతానికి తగ్గితే అవి ఆకలితో ఉంటాయి, పీచు అరగడం మందగిస్తుంది, పశువు మేత తినడం తగ్గించేస్తుంది. వరిగడ్డిలో ఉండేది 3–4 శాతమే. కడుపు నిండా వరిగడ్డి తిన్న పశువు చిక్కిపోవడానికి కారణం ఇదే.

పీచులో లిగ్నిన్ అనే మరో పదార్థం ఉంది. మొక్క కాండానికి గట్టిదనం ఇచ్చేది అది. దాన్ని పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు కూడా ఛేదించలేవు. లిగ్నిన్ ఎంత ఎక్కువుంటే సెల్యులోజ్ అంత గట్టిగా దాని చాటున దాక్కుంటుంది. వరిగడ్డిలో లిగ్నిన్‌కు తోడు సిలికా, ఆక్జలేట్ కూడా ఉన్నాయి. సిలికా అరుగుదలను అడ్డుకుంటుంది. ఆక్జలేట్ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. వరిగడ్డి మీద బతికే పాడిపశువుకు ఖనిజ లవణ మిశ్రమం తప్పనిసరి కావడానికి ఇది ఒక కారణం.

చొప్ప బజారు చెప్పిన శాస్త్రం

వరిగడ్డి కంటే జొన్నచొప్పకు పాడిదారులు ఎక్కువ విలువ ఇస్తారు. ఆ విలువ ఎంత కచ్చితమైనదో హైదరాబాద్ చొప్ప బజారులోనే రుజువైంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఆవరణలో పనిచేసే అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2004–05లో ఏడాదిపాటు నగరంలోని చొప్ప వర్తకుల దగ్గర ధరలు సేకరించారు, నమూనాలను ప్రయోగశాలలో పరీక్షించారు. వర్తకులు చొప్పను ఆంధ్ర, ఆంధ్ర హైబ్రిడ్, రాయలసీమ, తెలంగాణ, రాయచూరు, లోకల్ ఎల్లో అని ఆరు రకాలుగా విడదీసి అమ్మేవారు. అప్పట్లో కిలో ధర మూడు రూపాయల నుంచి నాలుగు రూపాయల లోపు ఉండేది. ప్రయోగశాలలో చూస్తే ఆ రకాల్లో అరిగే భాగం 47 నుంచి 52 శాతం మధ్య ఉంది. అరుగుదలలో ఉన్నది ఐదు శాతం తేడాయే, అయినా ధరలో పాతిక శాతం దాకా తేడా కనిపించింది. ప్రయోగశాల పరికరం కొలిచినదాన్ని పాడిదారుడు కంటితో, చేతితో, తన పశువు పాల లెక్కతో ముందే కొలిచి ధర కట్టాడన్న మాట.

ఆ ఐదు శాతం ఎంత పనిచేస్తుందో తరవాతి ప్రయోగం చూపింది. హైదరాబాద్‌కు చెందిన మిరాకిల్ ఫాడర్ అండ్ ఫీడ్స్ అనే సంస్థ జొన్నచొప్పను ఇతర ఉప ఉత్పత్తులతో కలిపి ఒత్తి, ఇటుకల్లాంటి సంపూర్ణ దాణా దిమ్మెలు తయారు చేసేది. అందులో సుమారు సగం చొప్ప. తవుడు, పొట్టు, పెంకుల వంటివి 18 శాతం, నూనె తీసిన చెక్కలు 18 శాతం, మొలాసిస్ 8 శాతం ఉండేవి. ధాన్యం సుమారు 4 శాతమే. తక్కినది ఖనిజాలు, విటమిన్లు, యూరియా. అంటే ఆ దిమ్మెలో పదింట తొమ్మిది వంతులకు పైగా మనిషి తినని సరుకే. మిగతా దినుసులు ఒకేలా ఉంచి, ఒక దిమ్మెలో మేలురకం చొప్ప, మరో దిమ్మెలో నాసిరకం చొప్ప వాడి బర్రెలకు పెట్టి చూశారు. మేలురకం దిమ్మెను పశువులు ఎక్కువగా తిన్నాయి, అది ఎక్కువగా అరిగింది కూడా. ఈ రెండూ కలిపి లెక్కిస్తే నాసిరకంతో రోజుకు సుమారు 12 కిలోల పాలకు సరిపడే శక్తి అందగా, మేలురకంతో 16 కిలోలకు మించి అందుతుందని తేలింది. విడి చొప్ప లారీలో చాలా జాగా ఆక్రమిస్తుంది. దిమ్మెగా ఒత్తితే అదే లారీలో ఎన్నో రెట్ల సరుకు పడుతుంది. రవాణా మీదే బతికే నగరపు పాడికి ఇది చిన్న లాభం కాదు.

వరిగడ్డిని మెరుగుపరిచే సులువైన పద్ధతి యూరియా శుద్ధి. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాను 50–60 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి పొరలు పొరలుగా చల్లాలి. గడ్డిని తొక్కి, గాలి చొరకుండా పాలిథిన్ పట్టా కప్పి మూడు వారాలు ఉంచాలి. యూరియా నుంచి వెలువడే అమ్మోనియా లిగ్నిన్ పట్టును సడలిస్తుంది, నత్రజనిని జోడిస్తుంది. మాంసకృత్తుల విలువ 7 శాతం దాటుతుంది. తీసిన గడ్డిని కాసేపు ఆరబెట్టి, ఘాటు వాసన పోయాకే మేపాలి. ఆరు నెలల లోపు దూడలకు, నెమరువేయని జంతువులకు ఇది పెట్టకూడదు. యూరియాను విడిగా నీళ్లలో కలిపి తాగించడం ప్రాణాంతకం.

తవుడు, చున్నీ, చెక్క

మిల్లుల నుంచి వచ్చే ఉప ఉత్పత్తులు దాణాకు వెన్నెముక. వరి మిల్లు తవుడులో 12–14 శాతం మాంసకృత్తులు, 15 శాతం దాకా నూనె ఉంటాయి. ఆ నూనె వల్లే తవుడు బలమైనది, ఆ నూనె వల్లే త్వరగా చెడిపోతుంది. బియ్యం పాలిష్ పట్టగానే తవుడులోని లైపేజ్ ఎంజైము నూనెను విడగొట్టడం మొదలుపెడుతుంది. కొద్ది రోజుల్లోనే ముక్కవాసన వస్తుంది. నూనె తీసిన తవుడు ఎక్కువ కాలం నిలుస్తుంది, మాంసకృత్తులు కాస్త పెరుగుతాయి, శక్తి తగ్గుతుంది. మొత్తం మేతలో కొవ్వు 6–7 శాతం మించితే పెద్దపొట్టలో పీచు అరగడం కుంటుపడుతుంది కాబట్టి పచ్చి తవుడును హద్దులో వాడాలి.

పప్పు మిల్లుల్లో మిగిలే కంది, పెసర, మినప, శనగ చున్నీలో పొట్టుతో పాటు నూకలూ ఉంటాయి. నూకల పాలు ఎంత ఉంటే చున్నీ విలువ అంత. తూకం కోసం మట్టి, రంపపు పొట్టు, వరి ఊక కలపడం ఈ సరుకులో జరిగే ప్రధాన మోసం. గుప్పెడు చున్నీని గ్లాసు నీటిలో వేసి కలిపితే మట్టి, ఇసుక అడుగుకు చేరి బయటపడతాయి.

చెక్కల్లో చూస్తే, పల్లిచెక్కలో మాంసకృత్తులు 40 శాతానికి పైనే. పొట్టుతో ఉన్న పత్తిచెక్కలో 22–24 శాతం ఉంటాయి. తెలంగాణలో పత్తి విస్తారంగా పండుతుంది కాబట్టి పాడిదారుడికి దగ్గరగా దొరికేది పత్తిచెక్కే. పత్తి గింజలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంది. ఎదిగిన పశువు పెద్దపొట్టలో అది చాలావరకు నిర్వీర్యమవుతుంది. పెద్దపొట్ట ఇంకా ఏర్పడని చిన్నదూడలకు, కోళ్లకు, పందులకు మాత్రం ప్రమాదం. ఒకే చెక్క ఒక జంతువుకు బలం, మరో జంతువుకు విషం కావచ్చు. ఉప ఉత్పత్తుల వాడకంలో మొదట గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఇది.

మోతాదు విషయంలో అనుభవసూత్రం ఒకటి స్థిరపడింది. పాడిబర్రెకు శరీర పోషణకు కిలో నుంచి కిలోన్నర దాణా, ఆపైన ఇచ్చే ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున పెట్టాలి. 500 కిలోల బర్రె రోజుకు పొడి బరువు లెక్కన 12–15 కిలోల మేత తింటుంది. అందులో సుమారు మూడింట రెండు వంతులు గడ్డి, చొప్ప, పచ్చిమేత రూపంలో ఉండాలి.

పండ్ల నుంచి వచ్చేవి

హైదరాబాద్ తూర్పున పండ్ల వ్యాపారానికి దశాబ్దాలపాటు కేంద్రం కొత్తపేట దగ్గరి గడ్డిఅన్నారం మార్కెట్. ఉప్పల్‌కు అది నాగోల్ అవతలే. 2021–22లో మార్కెట్‌ను బాటసింగారానికి తరలించారు. నగరానికి వచ్చే పండ్లలో నల్లగొండ బత్తాయిది ప్రత్యేక స్థానం. ఉప్పల్ కూడలి చుట్టూ ఉన్న జ్యూస్ బండ్లకు, దుకాణాలకు అదే ముడిసరుకు. బత్తాయిని పిండితే పండు బరువులో దాదాపు సగం తొక్క, పిప్పి, గింజలుగా మిగులుతుంది. ఇందులో పెక్టిన్ ఎక్కువ. పెక్టిన్ పెద్దపొట్టలో త్వరగా పులుస్తుంది గానీ ధాన్యంలోని పిండిపదార్థంలా లాక్టిక్ ఆమ్లాన్ని పోగుచేయదు. పీచు అరుగుదలను చెడగొట్టకుండా శక్తినిచ్చే దినుసు ఇంతకంటే తేలిగ్గా దొరకదు. మాంసకృత్తులు 6–7 శాతమే కాబట్టి పత్తిచెక్క వంటివాటితో జత చేయాలి. పాడిపశువు తినే మేత పొడి బరువులో ఐదో వంతు దాకా నిమ్మజాతి పిప్పి పెట్టవచ్చు. అయితే పశువుకు దాని చేదు, వాసన అలవాటయ్యేదాకా కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి.

అమెరికాలోని ఫ్లోరిడాలో నారింజ రసం పరిశ్రమ 1930ల నుంచే పిప్పికి సున్నం కలిపి నీరు పిండి, ఎండబెట్టి పశువుల దాణాగా అమ్ముతోంది. బ్రెజిల్ దాన్ని గుళికలుగా చేసి యూరప్‌కు ఎగుమతి చేస్తుంది. 1998లో జర్మనీలో పాలలో డయాక్సిన్ అనే విషపదార్థం పెరిగినట్టు కనిపించింది. ఆరా తీస్తే బ్రెజిల్ పిప్పిలో కలిపిన సున్నమే కలుషితమైందని తేలింది. తొక్క మంచిదైనా దానికి తోడు కలిపేది మంచిది కాకపోతే చెడు పాలదాకా వస్తుంది.

మామిడి సంగతి వేరు. వేసవిలో ఆవకాయ కాయలు కొట్టే చోట టెంక ముక్కకు అంటిపెట్టుకొని ఉంటుంది, లోపలి జీడిని తీసి పారేస్తారు. ముదిరిన జీడిలో పిండిపదార్థం, 6–9 శాతం మాంసకృత్తులు, కొంత కొవ్వు ఉంటాయి. టానిన్లు మాత్రం ఎక్కువ. అవి మాంసకృత్తులను బంధించి అరగనివ్వవు. నానబెట్టి నీరు పారబోసి, ఎండబెట్టి, పొడి చేసి దాణాలో పదో వంతు లోపు కలిపితే పనికొస్తుంది. పూర్తి టెంకలను పశువు ముందు వేయకూడదు. టెంక గొంతులో అడ్డం పడితే పొట్టలోని వాయువు బయటికి రాలేక పశువు ఉబ్బి చనిపోతుంది.

మొక్కజొన్న కండెల మీది పచ్చి పొరలు, క్యాబేజీ, గోబి ఆకులు, క్యారెట్ ఆకులు, అరటి తొక్కలు, పుచ్చకాయ చెక్కులు తాజాగా, కోసి, మితంగా పెడితే మంచి మేతే. చెరకు రసం బండి దగ్గరి పిప్పి నోరు నింపుతుంది గానీ బలం ఇవ్వదు. అందులో మిగిలేది దాదాపు గట్టి పీచే. ఉల్లి పొట్టు, కుళ్లిన ఉల్లి మాత్రం పెట్టకూడదు. ఉల్లిలోని గంధక సమ్మేళనాలు పశువు ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. పచ్చబారిన, మొలకెత్తిన ఆలుగడ్డల్లో సోలనిన్ అనే విషం ఉంటుంది.

నీటి లెక్క, పాతర లెక్క

పండ్ల వ్యర్థాల్లో పెద్ద చిక్కు నీరు. బత్తాయి పిప్పిలో 80 శాతం, బీరు తయారీలో మిగిలే పిప్పిలో 75–80 శాతం నీరే. కిలో రెండు రూపాయలకు దొరికిన పచ్చి తొక్కలో పొడిపదార్థం 200 గ్రాములే కాబట్టి కిలో పొడిపదార్థానికి అసలు ఖర్చు పది రూపాయలు. రవాణా అదనం. కొనేముందు ఈ లెక్క వేయని పాడిదారుడు నీటికి డబ్బు కడతాడు. దూరం పెరిగేకొద్దీ లాభం కరిగిపోతుంది. అందువల్ల జ్యూస్ దుకాణానికి, రసం ఫ్యాక్టరీకి, కూరగాయల మార్కెట్‌కు దగ్గరలో ఉన్న కొట్టాలకే ఈ మేత గిట్టుబాటు. ఉప్పల్ వంటి చోటుకు ఉన్న అనుకూలత ఇదే.

తడి ఉన్నంతసేపూ బూజు ముప్పు ఉంది. ఎండల కాలంలో రెండు రోజుల్లోనే పిప్పి చెడుతుంది. దీనికి రెండు దారులు ఉన్నాయి. మార్చి నుంచి మే వరకు హైదరాబాద్ ఎండలో పలుచగా పరచి, తిరగేస్తూ, తేమ పదిశాతం దగ్గరికి వచ్చేదాకా ఎండబెట్టవచ్చు. వానాకాలంలో ఇది కుదరదు. అప్పుడు సైలేజీ చేయడం మేలు. సైలేజీ అంటే గాలి తగలకుండా మేతను పాతర వేయడం. గాలి లేని చోట లాక్టిక్ బ్యాక్టీరియా చక్కెరలను ఆమ్లంగా మారుస్తుంది, పిహెచ్ 4 దగ్గరికి దిగుతుంది, కుళ్లబెట్టే జీవులు ఆగిపోతాయి. దీనికి తేమ 65–70 శాతం ఉండాలి. 80 కిలోల బత్తాయి తొక్కకు 20 కిలోల వరిగడ్డి ముక్కలు కలిపితే లెక్క సరిపోతుంది: తొక్కలో 16 కిలోల పొడిపదార్థం, గడ్డిలో 18 కిలోలు, మొత్తం 100 కిలోల్లో నీరు 66. తొక్కలోని రసాన్ని గడ్డి పీలుస్తుంది, గడ్డికి కావలసిన చక్కెరను తొక్క ఇస్తుంది. మందపాటి ప్లాస్టిక్ డ్రమ్ములో లేదా సంచిలో గట్టిగా తొక్కి, మూత బిగించి మూడు వారాలు కదపకుండా ఉంచాలి. తీసినప్పుడు పుల్లని పండు వాసన, పసుపు–గోధుమ రంగు ఉంటే మంచిది. నల్లబడినా, కుళ్లువాసన వచ్చినా, బూజు కనిపించినా పారవేయాలి.

ప్రమాదాలు

నగరంలో అన్నిటికంటే తరచుగా కనిపించే ముప్పు పెళ్లిళ్లలో మిగిలిన అన్నం. జాలితో బకెట్ల కొద్దీ అన్నం పెడితే పెద్దపొట్టలో పిండిపదార్థం ఒక్కసారిగా పులిసి లాక్టిక్ ఆమ్లం పోగవుతుంది. మామూలుగా 6–7 మధ్య ఉండే పిహెచ్ 5.5 కంటే కిందికి పడిపోతుంది. పీచు అరిగించే సూక్ష్మజీవులు చనిపోతాయి. పశువు నెమరు ఆపి, పడిపోయి, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం వదలవచ్చు. రొట్టె, బిస్కెట్ పొడి, మాగిన పండ్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త. ఏ కొత్త మేతనైనా పది, పదిహేను రోజుల్లో క్రమంగా పెంచుతూ అలవాటు చేయాలి.

రెండో ముప్పు బూజు. 1960లో ఇంగ్లండులో లక్ష టర్కీ కోళ్లు చనిపోయాయి. కారణం బ్రెజిల్ నుంచి వచ్చిన పల్లిచెక్కలో బూజు విడుదల చేసిన అఫ్లాటాక్సిన్ అని తేలింది. శాస్త్రం ఆ విషాన్ని మొదట గుర్తించింది ఒక ఉప ఉత్పత్తిలోనే. 1974లో గుజరాత్, రాజస్థాన్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో బూజుపట్టిన మొక్కజొన్న తిని కాలేయం దెబ్బతిన్నవారిలో నూరుమందికి పైగా మరణించారు. ఆ విషాదం మూలాన్ని ఛేదించింది తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే. పశువు తిన్న అఫ్లాటాక్సిన్‌లో కొద్ది శాతం ఎం1 రూపంలో పాలలోకి వస్తుంది. పాలను కాచినా అది పోదు. పాలలో కిలోకు 0.5 మైక్రోగ్రాములు మించకూడదని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ హద్దు పెట్టింది. ఆ సంస్థ 2018లో దేశమంతటా సేకరించిన 6,432 పాల నమూనాల్లో 368 ఆ హద్దు దాటాయి. ఈ కల్తీ ఎవరూ కావాలని కలిపింది కాదు. తడి తగిలిన చెక్క, బూజుపట్టిన దాణా ద్వారా వచ్చింది. బూజుపట్టిన దాణాను ఎండబెట్టినా, దులిపినా విషం పోదు.

మూడోది ప్లాస్టిక్. కవర్లో కట్టి పారేసిన తొక్కలను పశువు కవరుతో సహా మింగుతుంది. పెద్దపొట్టలో చేరిన ప్లాస్టిక్ అరగదు, బయటికి పోదు, ఏళ్ల తరబడి ముద్దకట్టి మేతకు చోటు లేకుండా చేస్తుంది. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ వీధి పశువులకు శస్త్రచికిత్స చేయించి కిలోల కొద్దీ ప్లాస్టిక్ తీయించాక, 2012లో ఈ విషయం మీద సుప్రీంకోర్టును ఆశ్రయించింది.

నాలుగోది జంతు అవశేషాలు. బ్రిటన్‌లో మాంసం–ఎముకల పొడిని ఆవుల దాణాలో కలిపిన ఫలితంగా 1986లో గుర్తించిన పిచ్చి ఆవు వ్యాధి లక్షా ఎనభై వేలకు పైగా పశువులకు సోకింది. నెమరువేసే జంతువుకు జంతు కణజాలం మేత కాదు. ఇళ్లు, హోటళ్ల మిగులులో మాంసం, ఎముకలు కలిసి ఉంటే దాన్ని పాడిపశువుకు పెట్టకూడదు. ఇక పండ్ల తొక్కల మీద పురుగుమందుల అవశేషాలు ఉండవచ్చు కాబట్టి మంచినీటితో కడిగే వాడాలి.

మేతా, గ్యాసా

కూరగాయల మార్కెట్ వ్యర్థాలకు మరో ఉపయోగమూ ఉంది. తార్నాక రసాయన సాంకేతిక సంస్థ రూపొందించిన విధానంతో బోయినపల్లి మార్కెట్‌లో రోజుకు సుమారు పది టన్నుల వ్యర్థాల నుంచి బయోగ్యాస్, దాని నుంచి సుమారు 500 యూనిట్ల విద్యుత్తు తయారవుతున్నాయి. ఆ సంగతి 2021 జనవరిలో దేశమంతటికీ తెలిసింది. ఈ రెండు దారులకూ పోటీ లేదు, వరుస ఉంది. మనిషి తినగలిగింది మనిషికి, తాజాగా శుభ్రంగా విడిగా ఉన్నది పశువుకు, నలిగి కలగలిసినది గ్యాసుకు, చివరికి మిగిలింది ఎరువుకు వెళ్లాలి. పై మెట్టులో వాడదగిన దాన్ని కింది మెట్టుకు జార్చితే విలువ పోతుంది. కింది మెట్టుకు చెందాల్సిన కుళ్లును పైకి తెచ్చి పశువుకు పెడితే పాలు చెడతాయి.

ఏ తొక్క ఏ మెట్టుకు వెళ్లాలన్నది అది పుట్టిన మొదటి గంటలోనే తేలుతుంది. జ్యూస్ దుకాణంలో రెండు బుట్టలుంటే ఒకటి మేత అవుతుంది. ఒకే బుట్ట ఉంటే రెండూ చెత్తే. ఉప్పల్–నాచారం ప్రాంతంలో పాడిపశువు ఉంది, తొక్క ఉంది, గడ్డి వచ్చే దారి ఉంది, పరీక్షించే ప్రయోగశాలలు ఉన్నాయి. దుకాణదారుడు తడి తొక్కను కవర్లు, స్ట్రాలు, కప్పులు కలవకుండా వేరుచేసి అదే రోజు అందించడం, పాడిదారుడు నీటి లెక్క వేసుకొని, బూజు లేనిదే తీసుకొని, కొద్దికొద్దిగా అలవాటు చేయడం, నగరపాలక సంస్థ ఈ ఇద్దరినీ కలపడం: ఈ మూడు పనులు జరిగితే చాలు. ఇంటి వంటగదిలోనూ ఇదే నియమం వర్తిస్తుంది. పశువుకు పెట్టదలచిన తొక్కను కవరులో కట్టకండి. కుళ్లినదాన్ని, మిగిలిన అన్నాన్ని బకెట్లతో పెట్టకండి.